అందరూ మాస్కు తీసేశారు, నేనూ తీసేయాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. 2021 చివర్లో మావారికి కిడ్నీ మార్పిడి జరిగింది, మా అత్తగారే ఇచ్చారు. అప్పటినుంచి గడప దాటితే నేను ఎన్95 మాస్కు తీయలేదు. మొన్న, 2023 మే 5న డబ్ల్యూహెచ్‌వో వాళ్లు కరోనా ఎమర్జెన్సీ అయిపోయిందని ప్రకటించాక మా ఇంట్లో ఇదే గొడవ. నెలాఖరులో రాజమండ్రిలో మా బావగారి అమ్మాయి పెళ్లి ఉంది. "స్టేజీ మీదికి ఆ మూతిగుడ్డతో రాకు, ఫొటోలన్నీ పాడైపోతాయి, చూసినవాళ్లు మన ఇంట్లో ఏదో జబ్బుందనుకుంటారు" అని మా తోటికోడలు మొహమ్మీదే అనేసింది. డాలస్ నుంచి వచ్చిన మరిది "అమెరికాలోనే ఎవరూ పెట్టుకోవట్లేదు వదినా" అంటాడు. మాస్కులు పనిచేయవని సైంటిస్టులే తేల్చేశారంటూ ఆడపడుచు భర్త వాట్సాప్‌లో లింకు పంపారు. స్టాఫ్ రూములో "కరోనా అంతా పోయి మీ దగ్గరే ఆగిందా మేడమ్" అని నవ్వుతారు, అలా అన్న ఒకావిడతో మాట్లాడటమే మానేశాను. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి నా ముందు మాస్కు పెట్టుకుని, వీధి మలుపు తిరగ్గానే తీసి జేబులో పెట్టేస్తున్నాడని తెలిసింది. "నీ వల్ల నాన్నకి ఏమన్నా అయితే ఏం చేస్తావురా" అని వాడి మీద చెయ్యి కూడా చేసుకున్నాను. నేను అతి చేస్తున్నానా? పెళ్లికి వెళ్లాలా, మానాలా? వెళితే మాస్కు తీసేయాలా?

సమాధానం: మీరు అతి చేయడం లేదండీ. ముందు ఈ మాట చెప్పేస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఆ ఒక్క ప్రశ్నే. మీ ఆయన ప్రాణం గురించి జాగ్రత్త పడుతున్న మనిషి అందరి ముందూ తప్పు చేసినట్టు నిలబడాల్సిన పనిలేదు. పెళ్లికి వెళ్లండి, మాస్కుతోనే వెళ్లండి. అయితే రెండు విషయాల్లో మాత్రం మీతో ఒప్పుకోలేను, ఒకటి మీ అబ్బాయి సంగతి, రెండోది ఆ స్టాఫ్ రూము. వాటి దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

అసలు మే 5న ఏమైందో చూద్దాం, ఎందుకంటే ఇంట్లో గొడవంతా ఆ వార్త పట్టుకునే కదా. డబ్ల్యూహెచ్‌వో ఈ ఎమర్జెన్సీని 2020 జనవరి 30న ప్రకటించింది. కేరళలో మన దేశపు మొదటి కేసు బయటపడింది కూడా ఆ రోజే. ఎమర్జెన్సీ అనేది దేశాల ప్రభుత్వాలకి ఇచ్చే పిలుపు. అందరూ కలిసి కదలండి, సమాచారం పంచుకోండి, ఆస్పత్రులు సిద్ధం చేసుకోండి అని. ఇప్పుడు ఆ పిలుపు వెనక్కి తీసుకున్నారు, అంతే. అదే రోజు ఆ సంస్థ అధిపతి టెడ్రోస్ జబ్బు ముప్పు మాత్రం పోలేదని, దీన్ని సాకుగా తీసుకుని ఏ దేశమూ జాగ్రత్తలు వదిలేయకూడదని కూడా చెప్పారు. ఆ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

మన దేశంలో అయితే ఆంక్షలు ఎప్పుడో పోయాయి. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు 2022 మార్చి 31తోనే ముగిశాయి. విమానాల్లో మాస్కు తప్పనిసరి కాదన్నది 2022 నవంబర్ 16న. కాబట్టి మే 5న మీ ఊళ్లో గాలి ఏమీ మారలేదు. పోనీ ఈ 2023లోనే చూడండి, మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా దగ్గులతో ఊపేసింది, ఏప్రిల్‌లో ఎక్స్‌బీబీ.1.16 రకంతో కరోనా కేసులు పెరిగితే పుదుచ్చేరి, హర్యానా మళ్లీ బహిరంగ ప్రదేశాల్లో మాస్కు పెట్టమన్నాయి, కేరళ గర్భిణులకీ పెద్దవాళ్లకీ దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకీ తప్పనిసరి చేసింది. ఇదంతా డబ్ల్యూహెచ్‌వో ప్రకటనకి నెల ముందటి మాటే.

మారింది ఒకటుంది, అది నిజమే, దాన్ని మీరు కూడా ఒప్పుకోవాలి. టీకాలు పడ్డాయి, చాలామందికి జబ్బు వచ్చి పోయింది కూడా, దాంతో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కరోనా వస్తే 2021 ఏప్రిల్, మే నెలల్లో ఉన్నంత ప్రమాదం ఇప్పుడు లేదు. మీ తోటికోడలు, మీ మరిది, స్టాఫ్ రూములో నవ్వినావిడ, వీళ్లందరూ ఊపిరి పీల్చుకోవడం సహజం. వాళ్లది నిర్లక్ష్యం అనుకోకండి. మీ ఆయన లెక్క వేరు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా ఉండాలని టాక్రోలిమస్, మైకోఫినొలేట్, స్టెరాయిడ్ లాంటి మందులు వాడతారు కదా, అవి చేసే పనే రోగనిరోధక శక్తిని తగ్గించడం. అందువల్లే వీళ్లకి టీకా కూడా మిగతావాళ్లకి పనిచేసినంతగా పనిచేయదు. ఆపరేషన్ అయిన మొదటి ఏడాదితో పోలిస్తే ఇప్పుడు ప్రమాదం తగ్గి ఉంటుంది, ఎంత తగ్గిందో మీ నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, ఆయన మందుల డోసు చూసి చెప్పాలి, కానీ ఆ మందులు ఉన్నన్నాళ్లూ పూర్తిగా పోదు. ఎమర్జెన్సీ ముగిసింది ఊరికి. మీ ఆయన ఒంట్లో పరిస్థితి డబ్ల్యూహెచ్‌వో ఉన్న జెనీవాలో ఎవరో ప్రకటిస్తే మారేది కాదు.

మరి జనానికి మాస్కు చూస్తే ఎందుకంత చిరాకు? దీని మీద నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మన దగ్గర మాస్కు అలవాటుగా రాలేదు, జరిమానాగా వచ్చింది. తెలంగాణలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయలు కట్టాల్సి వచ్చేది. పోలీసులు కనిపిస్తే పైకి, దాటగానే గడ్డం కిందికి, ఈ దృశ్యం మీకూ తెలుసు. ఆంధ్రలో 2020 ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని అనుకున్నారు, వాటిని డ్వాక్రా మహిళల చేత కుట్టించారు. మంచి పనే, కానీ అది ఎందుకు, ఎక్కడ పెట్టుకోవాలి, ఎక్కడ అక్కర్లేదు అని జనానికి ఓపిగ్గా చెప్పినవాళ్లు తక్కువ, చలానా రాసినవాళ్లు ఎక్కువ. జరిమానా కోసం పెట్టుకున్నది జరిమానా పోగానే పోయింది. ఇప్పుడు చలానా లేని రోజుల్లో ఒకావిడ మాస్కుతో కనబడితే చూసేవాళ్లకి రెండే అర్థాలు తడతాయి. ఈవిడకేదో జబ్బుంది, లేదా మనల్ని జబ్బువాళ్లలా చూస్తోంది. మీ తోటికోడలు మాటల్లో ఈ రెండూ ఉన్నాయి, గమనించారా?

జపాన్‌లో కరోనాకి ముందు కూడా జలుబు చేస్తే మాస్కు పెట్టుకునేవాళ్లు, పుప్పొడి ఎలర్జీ వచ్చే రోజుల్లో పెట్టుకునేవాళ్లు. హాంకాంగ్, తైవాన్‌లలో 2003 సార్స్ తర్వాత అలవాటైంది. అక్కడ మాస్కు అంటే చాలాసార్లు "నాకు జలుబుగా ఉంది, మీకు అంటించను" అని. జపాన్ ప్రభుత్వం 2023 మార్చి 13 నుంచి ఎవరిష్టం వాళ్లదని చెప్పినా చాలామంది వెంటనే తీయలేదు. మన ఊళ్లలో కూడా స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు దుమ్ముకీ ఎండకీ మొహమంతా చున్నీ చుట్టుకుంటారు, కళ్లు తప్ప ఏమీ కనబడవు, ఎవరైనా ఆపి "నీకేమైంది" అని అడుగుతారా? మొహం కప్పుకోవడం మనకి వింత కాదు. ఈ మాస్కు మీద పడిన ముద్రే సమస్య.

మీ మరిది మాటకి జవాబు తేలిక. డాలస్ ఉన్న టెక్సాస్‌లో గవర్నర్ మాస్కు నిబంధన ఎత్తేసింది 2021 మార్చిలోనే. ఆ తర్వాత అక్కడి నగరాలు సొంతంగా అలాంటి నిబంధన పెట్టడానికి కూడా వీల్లేదన్నాడు. ఆయన ఉంటున్నది అలాంటి చోట, అక్కడ కనబడినదే చెబుతున్నాడు. ఆయన్ని ఒకటే అడగండి, అక్కడ కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి డాక్టర్లు గుంపుల్లోకి మామూలుగా వెళ్లిపొమ్మంటున్నారా అని. విమానం దిగి వచ్చిన మనిషి కాబట్టి, దగ్గూ జలుబూ ఏమైనా ఉంటే రెండు మూడు రోజులు మీ ఇంటికి రావద్దని కూడా ఆయనకి చెప్పండి. మరిదే కదా, వదిన చెబితే నొచ్చుకోడు.

వాట్సాప్ లింకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది గాలివార్త కాదు. 2023 జనవరిలో, వైద్య ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి తూచి చూసే కోక్రేన్ అనే పేరున్న సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. ప్రజల్లో మాస్కులు పెట్టించడం వల్ల శ్వాస జబ్బులు పెద్దగా తగ్గినట్టు కనబడలేదని అందులో ఉంది. దాన్ని పట్టుకుని మాస్కులు పనిచేయవని రాసేశారు. మార్చిలో ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే అలా చెప్పడం తప్పుదోవ పట్టించడమని ప్రకటన ఇచ్చారు. అందులోని ప్రయోగాలు ఎక్కువగా చూసింది "మాస్కు పెట్టుకోండి అని జనానికి చెబితే, ఇస్తే, జబ్బు తగ్గుతుందా" అని. చెప్పిన ప్రతివాళ్లూ పెట్టుకోరు, పెట్టుకున్నవాళ్లు సరిగ్గా పెట్టుకోరు, మన చలానా రోజులు గుర్తు తెచ్చుకోండి. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో 3.4 లక్షల మంది పెద్దవాళ్ల మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. ఇళ్లకి మాస్కులు ఇచ్చి, దగ్గరుండి గుర్తుచేస్తే సరిగ్గా పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సగం మంది కూడా కాదు. అయినా సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్లలో లక్షణాలతో బయటపడి రక్తపరీక్షలో తేలిన కరోనా 11 శాతం తగ్గింది, 60 ఏళ్లు దాటినవాళ్లలో 35 శాతం. గుడ్డ మాస్కుల ఊళ్లలో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. ఊరందరికీ చెప్పి పెట్టించడం ఒక ప్రశ్న, ఒక మనిషి మొహానికి అతుక్కునే ఎన్95 ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడటం ఇంకో ప్రశ్న. మీ ఆడపడుచు భర్తకి ఇదంతా పంపి వాదన పెంచకండి, మీకు తెలిసి ఉంటే చాలు.

ఇక పెళ్లి. ఇక్కడ మాస్కు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, ఆ రోజు మొత్తం ఎలా గడుస్తుందో కళ్ల ముందు వేసుకుని చూడాలి. నెలాఖరంటే రోహిణి కార్తె, రాజమండ్రి ఎండ మీకు చెప్పక్కర్లేదు. ఫంక్షన్ హాల్లో ఏసీలు వేసి తలుపులన్నీ మూసేస్తారు. వెయ్యి మంది ఉన్న హాల్లో మూడు నాలుగు గంటలు అదే గాలి తిరుగుతుంటుంది. ప్రమాదం అక్కడుంది. ఆరుబయట పందిరి కింద పదిమందితో నిలబడితే చాలా తక్కువ. ఈ తేడా పట్టుకుంటే మీకూ మీ తోటికోడలికీ మధ్య రాజీ కుదురుతుంది.

ఆవిడకి కావలసింది ఫొటో. ఇవ్వండి. ఇంటి దగ్గర పెళ్లికూతుర్ని చేస్తారు కదా, అప్పుడు పందిట్లో దగ్గరివాళ్లే ఉంటారు, గాలి ఆడుతుంటుంది. పెళ్లికూతురి పక్కన పిన్నిగా మాస్కు తీసి నిలబడండి, నవ్వుతూ కావలసినన్ని ఫొటోలు దిగండి, నలుగు పెట్టండి, హారతివ్వండి. దగ్గే మనిషి ఆ చుట్టుపక్కల లేకుండా చూసుకుంటే చాలు. ఆల్బంలో మీ మొహం ఉంటుంది. రాత్రి హాల్లో మాత్రం మాస్కు తీయనని ముందే చెప్పండి. పెళ్లి రోజు స్టేజీ మెట్ల దగ్గర తేల్చుకునే విషయం కాదిది, ఇవాళే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టకండి, మాట్లాడండి. "అక్కా, ఆయన వాడే మందుల వల్ల చిన్న జలుబు కూడా ఆయనకి పెద్దదైపోవచ్చు, హాల్లో ఎవరి దగ్గర అంటించుకున్నా నేను ఇంటికి తీసుకెళ్తాను, అందుకే పెట్టుకుంటున్నాను, మీ ఎవరినీ అనుమానించి కాదు, పనులన్నిటికీ ముందే వచ్చేస్తాను" అంటే సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు విస్తట్లో లడ్డూ వద్దంటే వడ్డించేవాళ్లు నొచ్చుకోరు, ఎందుకంటే వాళ్లకి కారణం తెలుసు. మీ మాస్కుకి కారణం తెలిసినవాళ్లు తక్కువ. ఆ మాట మీరు ఇంతవరకూ వాళ్లకి సూటిగా చెప్పినట్టు మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

అప్పటికీ ఆవిడ వినకపోతే మీ అత్తగారితో చెప్పించండి. కొడుక్కి తన కిడ్నీ ఇచ్చిన తల్లి ఆవిడ. "దాన్ని వదిలేయండే, నా కొడుకు కోసం పెట్టుకుంటోంది" అని ఆవిడ ఒక్కమాట అంటే ఆ ఇంట్లో ఎవరు కాదనగలరు? అన్నట్టు ఆవిడా ఇప్పుడు ఒంటి కిడ్నీ మనిషి, పెద్ద వయసు. హాల్లో ఆవిణ్ణి కూడా గుంపు మధ్య కాకుండా తలుపుకి దగ్గర కుర్చీలో కూర్చోబెట్టండి, మంచినీళ్లు అందుబాటులో ఉంచండి.

మీ ఆయన సంగతి. ఆయన్ని అడిగారా? ఉత్తరమంతా ఆయన గురించే, ఆయన మాట ఒక్కటి కూడా లేదు. సొంత అన్న కూతురి పెళ్లి, కన్యాదానం చూడాలని ఆయనకీ ఉంటుంది. డాక్టరు సరేనంటే ఇలా చేయొచ్చు: మన పెళ్లిళ్లలో ముహూర్తం అర్ధరాత్రో తెల్లవారుజామునో అయితే జనం రాత్రి భోజనాలవగానే వెళ్లిపోతారు, జీలకర్ర బెల్లం వేళకి దగ్గరివాళ్లే మిగులుతారు. ఆయన్ని ఆ వేళకి తీసుకురండి. ఖాళీ అయిన హాల్లో, తలుపులు తెరిపించి, మాస్కుతో ఒక పక్కగా కూర్చుని తలంబ్రాలు చూసి రావచ్చు. రిసెప్షన్ గుంపులో నిలబెట్టి ప్రతి ఒక్కరితో చేతులు కలిపించడం మాత్రం వద్దు. పగటి ముహూర్తమైతే ఇంటి దగ్గర పందిట్లోనే అక్షింతలు వేసి ఆశీర్వదించమనండి.

భోజనం దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. మూడు గంటలు మాస్కు పెట్టుకుని, కిక్కిరిసిన డైనింగ్ హాల్లో మాస్కు తీసి ముప్పావుగంట కబుర్లు చెబుతూ తింటే ఏం లాభం? మొదటి బంతిలో కూర్చోండి, కిటికీ పక్కన. లేదా పిల్లలతో క్యారేజీ తెప్పించుకుని వరండాలో తినండి.

మాస్కు గురించి రెండు మాటలు. చెవులకి తగిలించే రకం కన్నా తలవెనక రెండు పట్టీలు వచ్చే ఎన్95 బాగా అతుక్కుంటుంది. పెళ్లిలో జడ, పూలు, బుట్టలు అన్నీ ఉంటాయి కాబట్టి ముందు మాస్కు పెట్టుకుని ఆ తర్వాత పూలు పెట్టుకోండి, పై పట్టీ నడినెత్తి మీదికి, కింది పట్టీ జడ కిందుగా మెడ మీదికి రావాలి. ముక్కు మీది రేకుని రెండు చేతుల వేళ్లతో రెండు పక్కలా నొక్కండి, ఒక చేత్తో గిల్లినట్టు నొక్కితే మధ్యలో కొస లేచి సందు మిగులుతుంది. గట్టిగా ఊది చూడండి, కళ్లలోకి గాని బుగ్గల పక్కన గాని గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదు. చెమటకి తడిస్తే మార్చేయాలి, సంచిలో రెండు అదనంగా పెట్టుకోండి. ఎన్95ని ఉతకొద్దు. లోపలి పొరలో ఉండే విద్యుదావేశమే సన్నని తుంపరలని పట్టేది, ఉతికితే అది పోతుంది, చూడ్డానికి మాత్రం శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు మీ అబ్బాయి. కొట్టినందుకన్నా మీరు అన్న ఆ మాటకి నేను ఎక్కువ భయపడుతున్నాను. "నీ వల్ల నాన్నకి ఏమన్నా అయితే" అన్నది పద్నాలుగేళ్ల పిల్లాడితో అనకూడని మాట. 2021 వేసవిలో తాతయ్యో అమ్మమ్మో పోతే, నేను బయట ఆడుకుని రావడం వల్లే అని మనసులో పెట్టుకుని ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు నాకు తెలుసు. రేపు మీ ఆయనకి మామూలుగా వచ్చే జ్వరమే వచ్చినా వాడు ఆ రాత్రి నిద్రపోడు. ఆ మాట మీరే వెనక్కి తీసుకోవాలి, వాడి దగ్గర కూర్చుని, సూటిగా. "కోపంలో అన్నాను, అది నిజం కాదు, నాన్నకి ఏం జరిగినా అది నీ తప్పు కాదు" అనండి. తల్లి కొడుక్కి క్షమాపణ చెబితే చిన్నతనం ఏమీ లేదు.

తర్వాత వాడితో లెక్క మాట్లాడండి. మీరు వాణ్ణి గడప దాటితే మాస్కు అంటున్నారు, అది వాడి వల్ల కాదు, అవసరం కూడా లేదు. గ్రౌండులో క్రికెట్‌కి వద్దు. సైకిల్ మీద వద్దు. కోపం రేపే ఆ షరతులన్నీ ఎత్తేయండి. తలుపులేసిన ట్యూషన్ గది, కిక్కిరిసిన బస్సు, సినిమా హాలు, ఈ మూడు చోట్ల మాత్రం అడగండి. ఎక్కువ అడిగితే ఏదీ చేయడు, తక్కువ అడిగితే చేస్తాడు, పైగా ఆ తక్కువలోనే ప్రమాదమంతా ఉంది. ఫ్రెండ్స్ ఏడిపిస్తారనే కదా వాడి బాధ, అయితే "ఎలర్జీ" అని చెప్పమని అబద్ధం నేర్పకండి. నాన్నకి ట్రాన్స్‌ప్లాంట్ అయిందన్న సంగతి ఫ్రెండ్స్‌కి చెప్పాలో వద్దో వాణ్ణే నిర్ణయించుకోనివ్వండి. మీ ఆయన పన్నెండు గంటలకోసారి గడియారం చూసి వేసుకునే ఆ మాత్రలు ఏమిటో, ఏ మాత్ర ఏం చేస్తుందో తండ్రినే చెప్పమనండి. తొమ్మిదో తరగతి పిల్లాడికి అది అర్థం కాని సైన్సేం కాదు. అమ్మ తిట్లకన్నా నాన్న ఓ అరగంట కూర్చోబెట్టి చెప్పింది వాడికి బాగా ఎక్కుతుంది. వాడికి జలుబు చేసిన రోజున దాచకుండా మీకొచ్చి చెప్పగలగాలి. ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యం అదే, మాస్కుకన్నా కూడా. తిడతారన్న భయం ఉంటే దాస్తాడు. చెప్పిన రోజు వాణ్ణి మెచ్చుకోండి, వేరే గదిలో పడుకోబెట్టండి, కిటికీలు తీయండి.

స్టాఫ్ రూములో నవ్వినావిడతో మాటలు మానేయడం అనవసరమండీ. ఆవిడకి మీ ఇంటి సంగతి తెలుసో లేదో కూడా మీరు రాయలేదు. మీరు మాస్కు పెట్టుకోవడం ఎంత మీ ఇష్టమో ఆవిడ పెట్టుకోకపోవడం అంత ఆవిడ ఇష్టం. పక్కవాళ్ల చేత పెట్టించాలని చూస్తే ఇక చలానా రాసేవాళ్లకీ మనకీ తేడా ఉండదు. జూన్‌లో స్కూలు తెరవగానే మీరే ముందు పలకరించండి. స్టాఫ్ రూము కిటికీ పక్క బల్ల మీకివ్వమని అడగండి. క్లాసుల్లో కిటికీలు తెరిచి ఉంచమని హెడ్మాస్టరుకి చెప్పండి, అది అందరికీ మంచిది, ఎవరి మొహం జోలికీ వెళ్లదు.

ఒక్క విషయంలో మాత్రం పక్కవాళ్లని అడిగే హక్కు మీకుందని నేను నమ్ముతాను. దగ్గుతున్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, లేదా దూరంగా ఉండాలి. అది కరోనా అయినా, ఫ్లూ అయినా, టీబీ అయినా. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నాయి, అదీ గాలి ద్వారా వచ్చేదే. ఈ కరోనా మూడేళ్లలో ఇంత కష్టపడి నేర్చుకున్నవాటిలో ఈ ఒక్కటైనా నిలబడాల్సింది. ముఖ్యంగా ఆస్పత్రుల్లో ఓపీ దగ్గర. కిడ్నీ డాక్టరు కోసం కూర్చున్నవాళ్ల పక్కనే గొంతు పగిలేలా దగ్గే మనిషి మాస్కు లేకుండా కూర్చోవడం, సిబ్బంది చూసి ఊరుకోవడం, ఇది నాకు చాలా కోపం తెప్పిస్తుంది. చెకప్‌కి వెళ్లినప్పుడు అక్కడ మీరు మొహమాటపడకండి. రిసెప్షన్‌లో చెప్పండి, దగ్గేవాళ్లకి మాస్కు ఇవ్వమనండి, లేదంటే మీ వంతు వచ్చేదాకా బయట వరండాలో ఉంటాం, పిలవండి అని చెప్పండి.

చివరిగా, పెళ్లికి వెళ్లే ముందు మీ నెఫ్రాలజిస్టుకి ఒక ఫోన్ చేయండి. మీ ఆయనకి జ్వరం వస్తే ఎవరికి, ఎన్ని గంటలలోపు చెప్పాలో, ఫ్లూ టీకా, కరోనా తర్వాతి డోసు ఎప్పుడు వేయించుకోవాలో అడిగి కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. జ్వరమో దగ్గో వస్తే రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు, కరోనా మందులు మొదట్లోనే వాడితేనే పనిచేస్తాయి. అలాగని మెడికల్ షాపులో అడిగి ఏదీ వేసేయకండి. రిటోనావిర్ కలిసిన కరోనా మందు ఉంది, అది టాక్రోలిమస్‌తో కలిస్తే రక్తంలో టాక్రోలిమస్ ప్రమాదకరమైన స్థాయికి పెరిగిపోతుంది, డాక్టరు డోసు సరిచేయకుండా ఆ రెండూ కలపకూడదు. మీ మరిదికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పండి, అమెరికా నుంచి మందులు తెచ్చి ఆప్యాయంగా చేతిలో పెట్టేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఇంట్లో పరీక్ష చేసుకునే కిట్లు రెండు కొని పెట్టుకోండి, కొనేటప్పుడు గడువు తేదీ చూడండి.